వడోద్‌లో నిద్రపోయిన రాయి

మా అమ్మాయి ఈమధ్య ముఖం మీద దొర్లించుకునే రాతి రోలర్ ఒకటి కొనుక్కుంది. దాంతోపాటు ఒక కాగితం వచ్చింది. వాడిన ప్రతిసారీ గోరువెచ్చని నీళ్లతో కడగాలట, మెత్తటి గుడ్డతో తుడవాలట, ఎండ తగలకుండా సంచిలో దాచాలట. "ఇదంతా నీకేం తెలుస్తుందిలే అమ్మా" అంటూ ఆ కాగితం నాకు చదివి వినిపించింది. నేను మర్యాదగా విన్నాను. ఈ పిల్ల పుట్టకముందు, సూరత్‌లో, ఇలాంటి రాయిని ఎనిమిది నెలలు సాకిన ఇల్లు మాది. దాని కోసం నేను అబద్ధాలాడాను, మా ఆయనతో తగువు పడ్డాను, నెలకొకసారి లేని జ్వరం తెచ్చుకున్నాను. ఆ సంగతులు కాగితంలో లేవు.

తొంభైల చివరి సంవత్సరాలవి. మేం వడోద్‌లో ఉండేవాళ్లం, పాండేసరా మిల్లుల పక్కన. రెండు గదులు. ముందు గదిలో మా అత్త, ఆమె చుట్టూ చీరల గుట్టలు. కార్ఖానాల నుంచి వచ్చిన చీరలకు వెనకవైపు వేలాడే దారాలను కత్తిరించడం మా వాడ ఆడవాళ్ల పని. పొద్దున్నుంచి సాయంత్రం దాకా కత్తెర చప్పుడు, ఇంటినిండా నూగు. అన్నంలో నూగు, మంచినీళ్లలో నూగు, దేవుడి పటాల మీద నూగు. మరమగ్గాలను మావాళ్లు సాంచెలంటారు. మా ఆయన సాంచెల మీద జాబర్, అంటే మొరాయించిన సాంచెను బతిమాలో తిట్టో మళ్లీ నడిపించే మేస్త్రీ. వాడలో సగం మంది మాలాగే ఉత్తర తెలంగాణ నుంచి వచ్చిన నేతవాళ్లు. అందుకే ఇరవై ఏళ్లుగా సూరత్‌లో ఉన్నా మా అత్తకు కూరగాయల బేరానికి సరిపడే నాలుగు హిందీ ముక్కలు తప్ప ఇంకో భాష అవసరం పడలేదు.

నాకు దారాలు కత్తిరించడమంటే ఒళ్లుమంట. అప్పుడు ఎవరితోనూ అనలేదు, ఇప్పుడు చెప్పడానికేం. నేను సూరత్‌లోనే పుట్టి పెరిగినదాన్ని. తెలుగు బడిలో పది దాకా చదివాను, గుజరాతీ వీధిలో నేర్చుకున్నాను. ఆ గుజరాతీ పుణ్యాన తాపీ నదికి అవతల, అడాజన్‌లో, ఒక బ్యూటీ పార్లర్‌లో పని దొరికింది. పార్లర్‌లో పని అని వాడంతా చాటుకున్నాను. నిజానికి నా పని రాలిన జుట్టు ఊడవడం, తువ్వాళ్లు ఉతకడం, వచ్చినవాళ్లకు మంచినీళ్లివ్వడం. ఇంట్లో వంగి దారాలు కత్తిరించేదాన్ని, బస్సెక్కి వెళ్లి మరీ వంగి జుట్టు ఊడ్చేదాన్నయ్యాను. ఇంట్లో మాత్రం ఊడ్చే సంగతి చెప్పలేదు.

నా కళ్లన్నీ ఆ కుర్చీ మీదే ఉండేవి. కుర్చీలో కూర్చోవాలని కాదు, కుర్చీ వెనక నిలబడాలని. వాలి పడుకున్న ఆడవాళ్ల ముఖాల మీద ఓనరమ్మ వేళ్లు తిరుగుతుంటే, చీపురు పట్టుకుని నేనక్కడే ఆగిపోయేదాన్ని. ఆమెను అందరూ బెన్ అని పిలిచేవాళ్లు, మనం అక్కా అన్నట్టు. ఒకరోజు ధైర్యం చేసి, నాక్కూడా నేర్పమని అడిగాను. బెన్ నా చేతులు రెండూ తిప్పి చూసింది. కత్తెర పట్టీ పట్టీ వేళ్లు కాయలు కాశాయి.

"ఈ చేతులు ముఖం మీద పెడితే వాళ్లు మళ్లీ మన గడప తొక్కరు" అంది గుజరాతీలో, చాలా ప్రేమగా.

ఆ తర్వాత నెలలోపే ఆ రాయి వచ్చింది. బెన్‌వాళ్ల చుట్టాలెవరో ఖంభాత్‌లో అకీకు అనే రంగురాళ్లు సానపట్టించి విదేశాలకు పంపేవాళ్లట. అక్కడి నుంచి తెచ్చుకుంది. ఆకుపచ్చగా, చిన్న మొక్కజొన్న కండెంత రాయి. దాన్ని ఇత్తడి చట్రంలో బిగించారు, పట్టుకోవడానికి పిడి పెట్టారు. ముఖం మీద పెట్టి తోస్తే దొర్లుతుంది. బెన్ దాన్ని నా చేతిలో పెట్టి తన చెంప చూపించింది. దొర్లించాను. ఇంకా మెల్లగా అంది. దొర్లించాను. కళ్లు మూసుకుంది. నా చేతికీ ఆమె చెంపకూ మధ్య రాయి ఉంది కాబట్టి ఆమెకు అభ్యంతరం లేకపోయింది.

"చల్లగా ఉంటేనే దీని గొప్పతనం. ఫ్రిజ్‌లో పెట్టాలి" అంది కళ్లు తెరిచి. తర్వాత కొంచెం ఇబ్బంది పడింది. పార్లర్ ఆమె ఇంటి ముందు గదిలోనే ఉన్నా, లోపల ఫ్రిజ్ మీద పెత్తనం ఆమె అత్తది. నలుగురి ముఖాల మీద తిరిగిన రాయిని పాలు, మజ్జిగల పక్కన పెడితే ఆ పెద్దావిడ ఆ పూటే ఉపవాసం మొదలుపెడుతుందట. "మీ ఇంట్లో ఫ్రిజ్ ఉందా? ఉంటే రోజూ నువ్వే తీసుకెళ్లి, నువ్వే తీసుకురా. రాయితో చేసే పని కూడా నీదే. లేకపోతే ఫ్రిజ్ ఉన్న అమ్మాయిని ఎవరినైనా చూసుకోవాలి."

"ఉంది బెన్" అన్నాను. ఎంత తడుముకోకుండా అన్నానంటే, ఒక్క క్షణం మా ఇంట్లో ఫ్రిజ్ ఉన్నట్టే నాకూ అనిపించింది.

బెన్ వేళ్ల మీద లెక్కపెడుతూ జాగ్రత్తలు చెప్పింది. మరిగే నీళ్లు పోయకూడదు, గోరువెచ్చనివే. సబ్బు నురగ కొంచెం, పీచు వద్దు. చట్రం దగ్గర తడి నిలవకూడదు. మెత్తటి గుడ్డలో చుట్టాలి. ఎండ వద్దు. ఇంకో గట్టి వస్తువుతో కలిపి పెట్టకూడదు. కింద పడితే ఇక అంతే. పెళ్లై అత్తారింటికి వెళ్లేటప్పుడు మా అమ్మ కూడా నా గురించి ఇన్ని జాగ్రత్తలు చెప్పి పంపలేదు.

ఆ సాయంత్రం ఇంట్లో గుడ్డ విప్పితే మా అత్త కత్తెర పక్కన పెట్టి దగ్గరికి జరిగింది.

"గిదేంది పిల్లా, అల్లం దంచేదా?"

"కాదత్తా. మొఖానికి. గిట్ల నడిపిస్తరు."

"మొఖం మీద రోలరా? రోడ్డు మీద నడిపినట్టా?" అత్త నవ్వు ఆపుకోలేక పక్కింటావిణ్ని కేకేసింది. "ఓ అక్కా, జర గిటు రా, అడాజనోళ్లు మొఖాలకు రోడ్లేసుకుంటున్నరట!"

నవ్వయ్యాక అసలు సంగతి చెప్పాను. రాయి రాత్రంతా చల్లగా ఉండాలని, ఉంటేనే నాకు పని అని, ఫ్రిజ్ ఉందని చెప్పేశానని. అత్త తిడుతుందనుకున్నాను. ఆవిడ ఒక్క క్షణం ఆలోచించి, మంచినీళ్ల కుండ వైపు చూసింది. కుండ కింద ఇసుక పరిచి, ఎండాకాలం వానాకాలం లేకుండా దానికి రోజూ రెండుపూటలా నీళ్లు చల్లడం ఆమె అలవాటు. రాయిని చిన్న స్టీలు డబ్బాలో పెట్టి, మూత బిగించి, డబ్బాను మెడ దాకా ఆ తడి ఇసుకలో పూడ్చింది. పొద్దున తీసి చూస్తే రాయి అరచేతిలో హాయిగా చల్లబడి ఉంది. దాన్ని తడిగుడ్డలో చుట్టి, పైన ప్లాస్టిక్ కవరు వేసి, బస్సులో ఒళ్లో పెట్టుకుని అడాజన్ చేర్చాను. బెన్ ముట్టుకుని చూసి, "మీ ఫ్రిజ్ మంచిది" అంది.

అలా మొదలైంది. నేను ఇంటికి రాగానే అత్త ముందు నా ముఖం చూసేది కాదు, కవరు చూసేది. గోరువెచ్చని నీళ్లు అప్పటికే సిద్ధం. నేను కడుగుతానంటే ఒప్పుకునేది కాదు. "నీ తొందర నాకు తెల్వదా, చట్రం తడుపుతవ్" అని లాక్కునేది. బెన్ చెప్పిన జాగ్రత్తలు ఆరో ఏడో ఉంటే, అత్త వాటికి ఇంకో పది కలిపింది. దిష్టి తగలకుండా వచ్చినవాళ్లకు చూపించకూడదు. నేల మీద పెట్టకూడదు. చుట్టడానికి చీరల్లో మిగిలిన సాటిన్ ముక్కల్లోంచి ఎంచి మరీ ఒక గుడ్డ కుట్టించింది. మూడో వారానికి రాయికి నాకంటే మంచి పక్క ఏర్పడింది.

ఒక శుక్రవారం పొద్దున డబ్బా తీస్తే రాయికి పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి ఉంది.

"అత్తా! ఏంది గిది?"

"ఏందంటే? అన్నం పెట్టే సామాను. బొట్టు పెట్టద్దా? సాంచెకు పెడ్తలేమా, కత్తెరకు పెడ్తలేమా?"

కడిగినా చట్రం సందుల్లో పసుపు పోలేదు. ఆరోజు మొదట వచ్చినావిడ చెంప మీద సన్నటి పచ్చని గీత పడింది. హల్దీ రాస్తే ఛాయ వస్తుందని నేను చెప్పాను. ఆవిడ సంతోషించి, వచ్చే వారం కూడా అదే కావాలంది.

అమావాస్య సంగతి ఇంకా వింత. అమావాస్య నాడు మగ్గం ఆడకూడదని మావాళ్ల పాత పట్టింపు. సూరత్‌లో సాంచెలకు అమావాస్యలూ పున్నాలూ ఏమీ లేవు, కార్ఖానా సేఠ్ ఆపమంటేనే ఆగుతాయి. మా ఆయన మీద చెల్లని ఆ పట్టింపునంతా అత్త రాయి మీద చూపించింది. "నెలకొక్క దినం దాన్నన్న పండుకోనియ్యి" అని డబ్బా మీద చేయి వేసి కూర్చునేది. నేను వీధి చివర ఫోన్ బూత్ నుంచి బెన్‌కు జ్వరమని చెప్పేదాన్ని. ప్రతి నెలా అదే రోజుకు జ్వరం వచ్చే మనిషిని చూసి బెన్ ఏమనుకుందో తెలియదు. ఒకసారి మాత్రం డాక్టరుకు చూపించుకోమంది.

ఇన్ని అవస్థలున్నా ఆ నెలల్లో నేను ఎంత సంతోషంగా ఉన్నానో చెప్పాలి. కుర్చీ వెనక నిలబడ్డాను. గడ్డం నుంచి చెవి దాకా, ముక్కు పక్క నుంచి కణత దాకా, నుదురు మధ్య నుంచి పైకి. ఏ దారిలో ఎంత బరువు వేయాలో నా చేతికే తెలిసిపోయేది. కళ్లు మూసుకున్న మనుషులు నా చేతి కింద మెత్తబడేవాళ్లు. కొందరు గురక పెట్టేవాళ్లు. వాళ్లలో ఒక సేఠాణి ఉండేది. ఆమె భర్తకు సాంచెల కార్ఖానాలు ఉన్నాయట. ప్రతి బుధవారం వచ్చి, "ఆ చల్లని రాయి పిల్ల ఉందా?" అని నన్నే అడిగేది. ఆ మాట వినడానికి నేను బుధవారం కోసం ఎదురుచూసేదాన్ని. సిగ్గులేకుండా ఒప్పుకుంటున్నాను.

ఎనిమిదో నెలలో రాయి కిచకిచమనడం మొదలుపెట్టింది. మా ఇంటి నూగే కారణం. ఎంత గుడ్డ చుట్టినా సన్నటి పోగులు ఇరుసులోకి చేరి, రాయి తిరిగినప్పుడల్లా చిన్న పిట్ట అరిచినట్టు అరిచేది. అత్త సూదితో పోగులు తీసేది. రెండు రోజులు బాగుండి మళ్లీ అరిచేది. గురక పెట్టేవాళ్లు ఉలిక్కిపడి లేచేవాళ్లు.

మా ఆయన మంచివాడు. నా మేలు కోరేవాడు. కానీ ఆయన లోకంలో తిరిగే వస్తువులు, తిరగని వస్తువులు అని రెండే జాతులు. తిరిగేదేదైనా సరే, చప్పుడు చేసిందంటే నూనె పోయాలి. సన్న ముక్కున్న నూనె డబ్బా ఎప్పుడూ ఆయన సంచిలో ఉండేది. తలుపు కీళ్లకు పోశాడు, పక్కింటి కుట్టుమిషనుకు పోశాడు, ఒకసారి వాడలో పండ్లు అమ్మేవాడి బండి చక్రాలకు వద్దంటున్నా పోశాడు. ఆ మంగళవారం నేను నీళ్లకు వెళ్లినప్పుడు, అత్త వంట దగ్గర ఉన్నప్పుడు, డబ్బా ఇసుకలోంచి తీసి, రాయి ఇరుసుకు రెండు వైపులా పోసి, రెండు చుట్లు తిప్పి, మళ్లీ ఇసుకలో పెట్టేశాడు. నాకు చెప్పలేదు. నన్ను ఆశ్చర్యపరచాలనుకున్నాడట.

మర్నాడు బుధవారం. సేఠాణి వాలి పడుకుంది. రాయి వెన్న మీద నడిచినట్టు నడిచింది, చిన్న చప్పుడు కూడా లేదు. అత్త సూది పని చేసిందనుకుని మురిసిపోయాను. రెండో చెంప దాకా వచ్చేసరికి సేఠాణి ముక్కు ఎగబీల్చింది. ఒకసారి, రెండోసారి. కళ్లు తెరిచింది.

"ఇదేం వాసన? ఇది కార్ఖానా వాసన!"

అద్దంలో చూసుకుంది. ఎడమ చెంప మీద చెవి దాకా సన్నటి నల్లటి చార. సాంచె నూనె ఎక్కడ పడినా అలాగే ఉంటుంది. పెళ్లైన కొత్తలో తన భర్త కూడా స్వయంగా సాంచెలు నడిపాడని, రోజూ ఇదే వాసనతో ఇంటికొచ్చేవాడని ఆమే ఒక బుధవారం నాతో చెప్పింది. ఆ రోజులు గుర్తొచ్చి మనసు కరుగుతుందేమోనని ఒక్క క్షణం ఆశపడ్డాను. కరగలేదు.

బెన్ పరుగున వచ్చింది. రాయి తీసుకుని వాసన చూసింది. "ఫ్రిజ్‌లోకి నూనె ఎలా వచ్చింది?" అని అడిగింది.

నాకు ఇంకో అబద్ధం దొరకలేదు. వరసగా అన్నీ చెప్పేశాను. ఫ్రిజ్ లేదని, కుండ కింద ఇసుకని, నూగు పట్టి అరుస్తుంటే మా ఆయన నూనె పోశాడని, ఆయన జాబర్ అని. బెన్ కోప్పడలేదు. "ఫ్రిజ్ లేదని నాకు మొదటి వారమే తెలుసు. గుడ్డలో ఇసుక ఉండేది. రాయి చల్లగా వస్తోంది కదా అని ఊరుకున్నాను. నూనెదేముంది, సబ్బు పెడితే పోతుంది" అంది. నా ప్రాణం లేచొచ్చింది.

అప్పుడు సేఠాణి తుడుచుకుంటున్న తువ్వాలు కిందికి దించి, "ఇన్నాళ్లూ ఈ రాయి ఎక్కడ ఉంటోంది?" అని అడిగింది.

"వడోద్‌లో" అన్నాను.

సేఠాణి తువ్వాలు పక్కన పడేసింది. లేచి వెళ్లి, తనే కుళాయి తిప్పి ముఖం కడుక్కుంది. నూనె మొదటిసారికే పోయింది. ఆమె మూడుసార్లు కడుక్కుంది. ఆ నీళ్ల చప్పుడు నేను గోడవైపు తిరిగి విన్నాను. ఆమె ఒంటి మీద ఉన్న చీర మా వాడలో ఏ ఇంటి నేల మీదో, ఏ అత్త ఒళ్లోనో రెండు రోజులు పడుకుని దారాలు కత్తిరించుకుని వచ్చినదే. ఆ మాట అప్పుడే అనుంటే బాగుండేది. మనకు సరైన మాటలన్నీ బస్సెక్కిన తర్వాత గుర్తొస్తాయి కదా.

ఆమె వెళ్లాక బెన్ నా వైపు చూడకుండా చెప్పింది. రాయి ఇక ఇక్కడే ఉంటుంది, ఎలాగోలా చల్లబరుచుకుంటాను. నువ్వు మళ్లీ ఊడ్చే పని చూసుకో, ముఖాల జోలికి వద్దు. "నాకు నీ మీద ఏమీ లేదు. రేపు ఎవరైనా అడిగితే నేనేం చెప్పాలి, చెప్పు?" అంది. నేను చీపురు తీసుకున్నాను. అవసరం ఉన్నవాళ్లం.

ఆ సాయంత్రం గోరువెచ్చని నీళ్ల గిన్నె ముందు పెట్టుకుని కూర్చున్న అత్త, ఖాళీ చేతులతో వచ్చిన నన్ను చూసి లేచింది.

"రాయేది?"

"వాళ్లే ఉంచుకున్నరు."

"ఎందుకట? మనం మంచిగ చూస్తలేమా?"

మా ఆయన చేసిన ఘనకార్యం చెప్పాను. ఆయన ముఖం మాడిపోయింది. "ఒక్క చుక్కనే పోసిన" అన్నాడు. అత్త ఆయన నూనె డబ్బా తీసి బయటికి విసిరేసింది. చీకట్లో దాన్ని వెతుక్కోవడానికి ఆయనకు చాలాసేపు పట్టింది. వడోద్ సంగతి చెప్పకుండా దాచాలనుకున్నాను. కానీ ఏడుపు ఆగలేదు. సేఠాణి మూడుసార్లు ముఖం కడుక్కోవడం, నేను మళ్లీ చీపురు పట్టడం, అన్నీ చెప్పేశాను. 'మళ్లీ' అన్న మాట నోరుజారడంతో, మొదట్లో నా పని ఊడ్చేదేనని కూడా బయటపడింది. అత్త వింటూ ఉంది. కుండ కింద డబ్బా తీసిన చోట గుంతను చేత్తో సరిచేసి, నీళ్లు చల్లింది.

వారం తిరిగి బుధవారం వచ్చింది. పొద్దున్నే అత్త తలంటుకుని, పెళ్లిళ్లకు కట్టుకునే ముదురు ఎరుపు చీర కట్టుకుని, చెప్పులేసుకుని నిలబడింది. చీరల గుట్ట అలాగే ఉంది.

"నడువు. నేను గూడ వస్త."

"ఎక్కడికత్తా?"

"నీ పార్లర్‌కు. నా మొఖానికి గూడ రోడ్డెయ్యాలె."

బస్సు తాపీ వంతెన ఎక్కినప్పుడు నదికి దండం పెట్టుకుంది. ఆ నది దాటడం ఇరవై ఏళ్లలో ఆమెకు అదే మొదటిసారి. ఎంత బతిమాలినా వెనక్కి మళ్లలేదు. గొడవ పెట్టుకుంటుందేమోనని నాకు చెమటలు పట్టాయి. చీపురు పని కూడా పోతుందని భయం.

అత్త గొడవేమీ పెట్టుకోలేదు. పార్లర్‌లోకి నడిచి, తిన్నగా వెళ్లి ఆ కుర్చీలో కూర్చుంది. కొంగు ముడి విప్పి, డబ్బులు తీసి, అద్దం ముందు బల్ల మీద పెట్టింది. నన్ను చూపించి, ముఖం మీద వేలు గుండ్రంగా తిప్పి చూపించింది. బెన్ నన్ను చూసింది. అప్పుడే సేఠాణి కూడా వచ్చి పక్క సోఫాలో కూర్చుంది. డబ్బులిచ్చి కుర్చీలో కూర్చున్న మనిషిని ఏమని లేపుతారు? బెన్ సొరుగుల బల్ల మీదున్న ఐస్ డబ్బాలోంచి రాయి తీసి నాకిచ్చింది. రాయి మంచులో పడి కొరుకుతున్నంత చల్లగా ఉంది.

నుదుటి మీద పెట్టగానే అత్త ఒళ్లు జలదరించింది. "గింత సల్లదనమా? బరఫ్ల పెట్టిన్రా దీన్ని? ఆగమైతది" అని గొణిగింది. తర్వాత కళ్లు మూసుకుంది. నేను గడ్డం నుంచి చెవి దాకా, ముక్కు పక్క నుంచి కణత దాకా దొర్లించాను. ఆమె ముఖాన్ని అంత దగ్గరగా నేనెప్పుడూ చూడలేదు. కనుబొమల్లో నూగు ఉంది. కళ్ల కింద చర్మం దారాలు వెతికీ వెతికీ నల్లబడింది. ఎనిమిది నెలలు ఊరందరి ముఖాలకూ చేసి, ఇంట్లో ఆ రాయిని సాకిన మనిషికి ఒక్కసారి కూడా చేయాలని నాకు తోచలేదు. రాయి ఆపి, కనుబొమల్లోని నూగు వేలితో తీశాను.

"మంచిగ చేస్తున్నవ్" అంది అత్త, కళ్లు మూసుకునే. "నీ చెయ్యి నొస్తలేదా?"

లేదన్నాను.

ఆమె లేచాక సేఠాణి వంతు. సేఠాణి రాయి వైపు చూసింది, తర్వాత మా అత్త వైపు, మళ్లీ రాయి వైపు. బెన్‌కు ఆ చూపు అర్థమైంది. నా చేతిలోంచి రాయిని రెండు వేళ్లతో తీసుకుని స్టీలు గిన్నెలో వేసింది. ఆవిరి పట్టే మిషను పక్కన నీళ్లు మరుగుతున్నాయి. అందరికీ కనబడేలా, పొగలు కక్కుతున్న ఆ నీళ్లు దాని మీద కుమ్మరించింది.

టప్ మని చప్పుడైంది. రాయి నిలువునా చీలింది. ఒక ముక్క చట్రంలో వేలాడింది, ఇంకోటి ఎగిరి నేల మీద పడి చిన్న చిన్న పెచ్చులుగా విరిగింది. ముందు నాకు సంతోషం కలిగింది, అబద్ధమెందుకు. ఆ వెంటనే, ఎనిమిది నెలలు సాకిన రాయి కదా అనిపించింది. బెన్ చేతిలోని గిన్నె బల్ల మీద పెట్టి, మూలనున్న చీపురు తీసి నా వైపు చాచింది. నేను అందుకున్నాను.

అప్పుడు అత్త నేల మీది ముక్కలవైపు చూస్తూ, నింపాదిగా, తెలుగులో అంది.

"ఎనిమిది నెలలు మా ఇంట్ల ఉండె. ఒక్క గీత పడలే. మీ ఇంట్ల వారం గూడ బతకలే."

"ఏమంటోంది మీ అత్త?" అని బెన్ గుజరాతీలో నన్నడిగింది. సేఠాణి కూడా తలెత్తి నావైపు చూసింది.

ఏదో ఒకటి చెప్పి సర్దేయడం నాకు చిటికెలో పని. అంతదాకా అదే చేశాను. ఈసారి మాత్రం అత్త అన్నది అన్నట్టుగా, ఒక్క ముక్క తగ్గించకుండా, గుజరాతీలో చెప్పాను. చీపురు గోడకు ఆనించి, అత్తను తీసుకుని బయటికి వచ్చేశాను.